గడప దాటని కెమేరా

మెదకు ప్రాంతానికి మెతుకుసీమ అని పాత పేరు. అక్కడి పెద్ద చర్చి కథ వింటే ఆ పేరు మరోసారి సార్థకమైందనిపిస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ 1914లో ఆ కట్టడానికి పని మొదలుపెట్టించాడు. అవి కరువు రోజులు. చేలు ఎండిపోయి, పనులు లేక, చుట్టుపక్కల పల్లెల జనం అలమటించారు. వారికి పని చూపించి కూలి ఇవ్వడం ఒక ఉద్దేశం, దేవాలయం కట్టడం ఒక ఉద్దేశం. రెండూ కలిసి పదేళ్ళు సాగాయి. 1924 డిసెంబరు 25, క్రిస్మస్ నాడు చర్చి ప్రతిష్ఠ జరిగింది. 2024తో దానికి నూరేళ్ళు నిండాయి.

హైదరాబాదు నుంచి ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్లు పోతే మెదకు వస్తుంది. 2022 నుంచి అక్కన్నపేట మీదుగా రైలు కూడా నడుస్తున్నది. జిల్లాకు తన పేరు పెట్టి, జిల్లా కచేరీలను మాత్రం సంగారెడ్డికి ఇచ్చి ఊరుకున్న ఈ పట్టణం 2016లో తానే జిల్లా కేంద్రమైంది. అయినా బయటివారు ఎక్కువమంది వచ్చేది కచేరీ పనులకు కాదు. ఊరికి చాలా దూరం నుంచే కనిపించే 175 అడుగుల గోపురాన్ని చూడడానికి.

దగ్గరకు వెళితే ముందు ఆ కొలతలే మనిషిని ఆపివేస్తాయి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒక్కసారిగా అయిదు వేల మంది కూర్చుని ప్రార్థన చేయవచ్చునంటారు. పై గోడలన్నీ రాయి. ఆవరణలో చెట్లు, తిరునాళ్ళలో తిరిగినట్టు తిరిగే పిల్లలు, టిఫిను డబ్బాలు విప్పుకుని కూర్చున్న కుటుంబాలు. వచ్చినవారిలో క్రైస్తవులు ఎంతమందో, కానివారు ఎంతమందో చెప్పడం కష్టం. అందరి చేతుల్లోనూ ఫోనులు. మెట్ల మీద ఒక ఫోటో, గోపురం మొత్తం పట్టేటట్టు వెనక్కి వెనక్కి నడిచి ఒక ఫోటో, పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని ఒక ఫోటో. ఇంతవరకూ ఎవరూ వద్దనరు.

ఆ తరువాత గడప వస్తుంది. చెప్పులు బయట విడవాలి, లోపల ఫోటోలు తీయకూడదు.

రంగుటద్దాల చిక్కు

ఈ నియమం మిగిలిన చోట్ల కంటె మెదకులో కొంచెం ఎక్కువ బాధిస్తుంది. దానికి కారణం కిటికీలు. చర్చిలో మూడు వైపుల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. క్రీస్తు జననం, శిలువ వేయడం, స్వర్గారోహణం అనే మూడు ఘట్టాలు వాటి మీద కనిపిస్తాయి. వీటిని ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడు రూపొందించాడు. రాజులకూ రాణులకూ చిత్రపటాలు వేసి పేరు పొందిన మనిషి ఆయన.

రంగుటద్దం తమాషా ఏమిటంటే, పగటి పూట దాన్ని బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు. మసిబారిన గాజు ముక్కలు, వాటి మధ్య సీసపు గీతలు, అంతే. ఎండ బయట ఉండి, మనం లోపల ఉన్నప్పుడే అందులోని బొమ్మ ప్రాణం పోసుకుంటుంది. నీలం నీలంగా, ఎరుపు ఎరుపుగా వెలిగి, ఆ రంగులు వచ్చి నేల మీద పడతాయి. పొద్దు గూకితే ఆట కట్టు. కనుక ఈ కిటికీలను ఫోటో తీయాలంటే పగలే తీయాలి, లోపల నుంచే తీయాలి. సరిగ్గా అక్కడే కెమేరాకు ప్రవేశం లేదు.

ఒక పనిదినం ఉదయం లోపల పెద్దగా జనం లేరు. హైదరాబాదు నుంచి వచ్చినట్టున్న కుటుంబం ఒకటి నడవలోకి వచ్చింది. పదహారేళ్ళ కుర్రవాడు తల ఎత్తి కిటికీ చూశాడు. "అబ్బ!" అన్నాడు. అదే చేత్తో ఫోను ఎత్తాడు. స్తంభం పక్కన నిలబడ్డ పెద్దాయన దగ్గరకు వచ్చాడు.

"బిడ్డా, ఫోను జేబుల పెట్టుకో. లోపల ఫోటో తియ్యొద్దు."

"ఒక్కటే అంకుల్. ఫ్లాష్ కూడా వెయ్యను."

"ఒక్కటైనా వద్దు బిడ్డా. అగో, ముంగట ఆమె ప్రార్థన చేసుకుంటున్నది."

అప్పుడు చూశాము అందరమూ. ముందు వరుసలో ఒక నడివయసు స్త్రీ కొంగు తల మీదికి కప్పుకుని మోకాళ్ళ మీద ఉన్నది. భుజాలు కదులుతున్నాయి. కుర్రవాడి కెమేరాలో కిటికీ పడితే, కిటికీ కింద ఆమె కూడా పడుతుంది. ఆమె ఎందుకు వచ్చిందో మనకు తెలియదు. ఇంట్లో ఎవరికి జబ్బో, ఏ అప్పు గొంతు మీదికి వచ్చిందో. ఆ కుర్రవాడికి ఆమె కనిపించనేలేదు, కళ్ళు పైన ఉన్నాయి కనుక. అతని నాయనమ్మ మాత్రం మెల్లగా అన్నది: "మన గుళ్ళో గర్భగుడి ముందు తీయనిస్తారుట్రా? ఇదీ అంతే. కళ్ళారా చూడు, చాలు."

ఈ విషయమై ఎన్ని చట్టాలు, ఎన్ని సూచన పత్రాలు చదివినా ఆ నాయనమ్మ చెప్పిన దానికంటె పెద్దగా మిగలదు. అయితే నియమం ఒకటే అయినా దాని వెనక కారణాలు చోటుకొక రకం. ఇప్పుడు మన ఇళ్ళలో చాలామందికి పిల్లలు అమెరికాలోనో లండనులోనో ఉన్నారు. వారిని చూడడానికి పోతూ వస్తూ బాంకాకులో రెండు రోజులు, రోములో రెండు రోజులు ఆగి గుళ్ళూ గోపురాలూ రాజభవనాలూ చూసివస్తున్నాము. అక్కడ కెమేరా ఎందుకు ఆపుతారో ముందుగా తెలిస్తే చిన్నబుచ్చుకోవలసిన అవసరం ఉండదు.

వద్దనడానికి నాలుగు కారణాలు

మొదటిది భక్తి. బాంకాకులో రాజప్రాసాదపు ఆవరణలోనే మరకత బుద్ధుని ఆలయం ఉన్నది. ఆవరణలో ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు. బుద్ధుడు కొలువున్న మందిరంలో మాత్రం తీయకూడదు. చెప్పులు విడిచి లోపలికి పోవాలి. కూర్చున్నప్పుడు కాళ్ళు బుద్ధుని వైపు చాపకూడదు. పొట్టి లాగులు, చేతులు లేని చొక్కాలు వేసుకుని వచ్చినవారిని వాకిటనే ఆపివేస్తారు. పెద్దల వైపు కాళ్ళు చాపవద్దని మన ఇళ్ళలో చిన్నప్పుడే నేర్పుతారు కనుక ఇదంతా మనకు కొత్త కాదు. జపానులో ఇసే పుణ్యక్షేత్రం ఉన్నది. అక్కడి లోపలి ఆలయం ముందు రాతి మెట్లున్నాయి. మెట్ల కింద నుంచి ఫోటో తీసుకోవచ్చు. మెట్లెక్కిన తరువాత తీయకూడదు. గీత ఎక్కడ గీయాలో అక్కడ గీశారు.

శ్రీలంకలో ఇంకొక సంగతి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి నిలబడి ఫోటో తీయించుకోవడం అక్కడ అపచారం. మనకు అలవాటైన భంగిమ అదే కదా, వెనక కట్టడం, ముందు మనం. 2012లో ముగ్గురు ఫ్రెంచి యాత్రికులు బుద్ధ విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఫోటోలు తీయించుకున్నారు. గాల్ పట్టణపు కోర్టు వారికి జైలుశిక్ష విధించింది. శిక్షను వెంటనే అమలు చేయకుండా ఆపి ఉంచింది కనుక వారు జైలుకు పోలేదు. అయినా సరదాకు తీసిన ఫోటో పరదేశపు బోను ఎక్కించింది.

రెండవది వస్తువుల రక్షణ. పాత చిత్రాలకూ, పట్టువస్త్రాలకూ, రంగు కాగితాలకూ వెలుతురు శత్రువు. ఒక్క ఫ్లాషుతో ఏదో కాలిపోదు. కాని వెలుతురు చేసే నష్టం అప్పు వడ్డీలాగా కూడుతూ పోతుంది, పోయిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియంలలో అలాంటి వస్తువులున్న గదులు మసకగా ఉంటాయి. మన దేశంలో అజంతా గుహలలో ఇంత జాగ్రత్త పడేది ఇందుకే. ఫ్రాన్సులో వెర్సాయి రాజప్రాసాదం లోపల ఫోటోలు తీసుకోనిస్తారు, ఫ్లాషు మాత్రం పనికిరాదు. ఫోనును కర్రకు తగిలించి తీసుకునే సెల్ఫీ కర్రలూ పనికిరావు. గుంపులో ఆ కర్ర ఒకసారి అటు తిరిగితే ఏ అద్దానికో, ఏ మనిషి కంటికో తగలవచ్చును.

మూడవది జనసమ్మర్దం. జర్మనీలో నాయిష్వాన్‌ష్టైన్ అనే కొండమీది కోట ఉన్నది. చిత్రకథల్లో రాజకుమార్తె ఉండే కోటలాగా కనిపిస్తుంది. దాన్ని బయట నుంచి ఎంతైనా ఫోటో తీసుకోవచ్చును. లోపల తీయనివ్వరు. జట్టు తరువాత జట్టును మార్గదర్శకుని వెంట గదిగదికీ పంపుతారు. ఒక్కొక్కరు ఆగి రెండు ఫోటోలు తీస్తే వెనక జట్టు మెట్ల మీదే నిలబడిపోవాలి. జపానులో క్యోటో నగరంలోని సంజూసాన్‌గెన్‌దో ఆలయంలో 1001 కణ్ణోన్ విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. అక్కడ కూడా లోపల కెమేరా నిషేధమే. నిలబడి చూస్తూ నడవడమే పద్ధతి.

నాలుగవది చాలామందికి తోచనిది, డబ్బు. రోమునగరం పక్కన వాటికన్‌లో సిస్టీను చాపెల్ ఉన్నది. మైఖెలాంజెలో చిత్రాలున్న ఆ మందిరపు కప్పును, గోడను 1980 నుంచి 1994 వరకు శుభ్రం చేసి బాగుచేశారు. ఆ ఖర్చుకు జపాను దేశపు నిప్పన్ టెలివిజన్ కంపెనీ 42 లక్షల డాలర్లు ఇచ్చింది. దానికి బదులుగా ఆ చిత్రాలను ఫోటోలు, సినిమాలు తీసే హక్కు కొంతకాలం పాటు తనకే ఉండాలన్నది. మామూలు యాత్రికుల కెమేరాలు అలా ఆగిపోయాయి. ఆ హక్కుల గడువు 1990లలోనే తీరిపోయింది. నిషేధం మాత్రం పోలేదు. అప్పటికి లోపల నిశ్శబ్దానికీ, జనం కదలికకూ అది మేలు చేస్తున్నదని తేలింది కాబోలు. ఈనాటికీ కావలివారు "నిశ్శబ్దం" అని మధ్యమధ్య హెచ్చరిస్తూనే ఉంటారు. డబ్బు కోసం పుట్టిన నియమం మర్యాద పేరుతో బతికి ఉన్నదన్నమాట.

ఫిలిము చుట్ట పోయిన తరువాత

పూర్వం ఇంత పట్టింపు ఎందుకు లేదని అడగవచ్చు. పూర్వం కెమేరా ఎందరికి ఉండేది? బాక్సు కెమేరాలో ఒక ఫిలిము చుట్టకు 8 బొమ్మలో 12 బొమ్మలో పడేవి. 35 మిల్లీమీటర్ల చుట్ట వచ్చిన తరువాత 36 పడ్డాయి. యాత్ర అంతటికీ ఒక చుట్ట. కాశీలో ఎన్ని, ప్రయాగలో ఎన్ని అని లెక్కపెట్టుకుని తీసేవారు. నొక్కేముందు పదిమార్లు ఆలోచించేవారు. ఇప్పుడు నొక్కిన తరువాత కూడా ఆలోచన లేదు. ప్రతి చేతిలోనూ కెమేరా, ప్రతి బొమ్మా ఉచితం. వందమందిలో ఒకరు ఫోటో తీస్తే అది వినోదం. వందమందీ తీస్తే దేవుడి ముందు వంద దీపాలకు బదులు వంద తెరలు వెలుగుతాయి.

మన గుళ్ళలో నిషేధాలు బిగుస్తున్నది ఇందుకే. తిరుమలలో దర్శనానికి పోయేవారు ఫోనులు, కెమేరాలు ముందే అప్పగించి పోవలసిందే. 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తిరుచెందూరు ఆలయం విషయమై వచ్చిన వ్యాజ్యంలో, తమిళనాడు ఆలయాలన్నిటిలోనూ సెల్‌ఫోనులు నిషేధించాలని ఆదేశించింది. లండనులో నీస్డెన్ అనే చోట ఉన్న స్వామినారాయణ మందిరం చూడబోయిన మనవారు కూడా అక్కడ మందిరం లోపల ఫోటో తీయలేరు. అంటే సముద్రం దాటినా గడప గడపే.

అయితే అన్ని కట్టడాలకూ ఒకే తాళం వేయలేదు. కేంద్ర పురావస్తు శాఖ 2018 జూలైలో, తన రక్షణలోని కట్టడాలన్నిటిలోనూ మామూలు ఫోటోలు తీసుకోవచ్చునని ప్రకటించింది. మూడు చోట్లు మాత్రం మినహాయించింది. అజంతా గుహలు, లేహ్ రాజప్రాసాదం, తాజమహలులో సమాధులున్న లోపలి మందిరం. వాటికి తప్ప మిగిలిన వాటికి గడియ తీసినట్టే. మూడుకాళ్ళ స్టాండు పెట్టి తీయాలన్నా, సినిమా తీయాలన్నా వేరే అనుమతి కావాలి.

కెమేరాను రాజులు ద్వేషించారని కూడా అనుకోవద్దు. మన హైదరాబాదు కథే చూడండి. లాలా దీన్‌దయాళ్ అనే ఛాయాచిత్రకారుడు సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసి "రాజా" బిరుదమిచ్చాడు. దర్బారులు, వేటలు, మహళ్ళు, మహళ్ళలోని దీపాలూ కుర్చీలూ ఆయన తీసిన బొమ్మల్లో మిగిలి ఉన్నాయి. ఫలక్‌నుమా మహలు 2010 నుంచి హోటలుగా నడుస్తున్నది. ఆనాటి ఆ మహలు ఎలా ఉండేదో తెలియాలంటే ఇప్పటికీ దీన్‌దయాళ్ ఫోటోలే దిక్కు. కాని ఆయన పిలిస్తే వెళ్ళాడు, చెప్పిన చోట నిలబడ్డాడు, బరువైన గాజు పలకలు మోయించుకుని వెళ్ళి ఒక్కొక్క బొమ్మకు గంటసేపు సర్దుకున్నాడు. మనకూ ఆయనకూ తేడా అనుమతిలోనూ ఉన్నది, ఓపికలోనూ ఉన్నది.

ఎవరూ ఆపని చోట

మెదకులో చర్చి చూసి అంతటితో తిరిగి వచ్చేవారు ఊరికి మరోవైపున ఉన్న కొండను పోగొట్టుకుంటారు. కొండ మీద కాకతీయుల నాటి నుంచీ చెప్పుకునే కోట ఉన్నది. ఎత్తు సుమారు 90 మీటర్లు. ఒకదాని తరువాత ఒకటిగా ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం. సింహ ద్వారం పైన రెండు సింహాలు గుర్రుమంటూ ఉంటాయి. గజ ద్వారం దగ్గర ఏనుగులు. లోపల కుతుబ్‌షాహీల కాలపు మసీదు, ధాన్యపు కొట్లు, 17వ శతాబ్దపు ఫిరంగి ఒకటి, మూడు మీటర్ల పైచిలుకు పొడవున్నది.

ఇక్కడ కెమేరాకు అడ్డు చెప్పేవారు కనిపించరు. బుర్జు మీద నుంచి చూస్తే ఊరూ, చెరువులూ, దూరాన చర్చి గోపురమూ ఒక్క చూపులో పడతాయి. ఇంత మంచి ఫోటో మెదకులో మరొకచోట దొరకదు. కాని రాళ్ళ దగ్గరకు పోయి చూస్తే మనసు చివుక్కుమంటుంది. ప్రేమికుల పేర్లు, బాణం గుచ్చిన గుండెకాయలు, సున్నంతో రాసిన తేదీలు. ఫిరంగి మీదికి ఎక్కి కూర్చుని ఫోటో తీయించుకునేవారు. బురుజు అంచున ఒంటికాలి మీద నిలబడేవారు. నియమం ఉన్న చర్చి నూరేళ్ళ తరువాత ఇంత శుభ్రంగా ఉండడానికీ, నియమం కానరాని కోట ఇలా గీతలు పడడానికీ సంబంధం లేదని ఎలా అనగలం? బోర్డు ఉంటేనే మర్యాద, లేకపోతే లేదు అనుకునే మనస్సే అసలు జబ్బు.

మెదకుకు దగ్గరలోనే ఏడుపాయల ఉన్నది. మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించే చోట, బండల మధ్య వనదుర్గా భవాని గుడి. శివరాత్రికి పెద్ద జాతర. వానాకాలంలో ఎగువన సింగూరు నుంచి నీళ్ళు వదిలి, ఘనపురం ఆనకట్ట పొంగితే నీరు గుడిలోకే వస్తుంది. అమ్మవారి దర్శనం కూడా మూసివేసే రోజులుంటాయి. అలాంటి రోజులలో నీళ్ళ దగ్గరకు పోవద్దని తాడు కడతారు, మనుషులను నిలబెడతారు. ఆ తాడు ఫోటోకు అడ్డమని విసుక్కోవడం తప్పు. పాచి పట్టిన బండ, పెరుగుతున్న ప్రవాహం, వెనక్కి నడుస్తూ ఫోను తెరలోకి చూసే మనిషి. ఈ మూడూ ఒకచోట చేరకుండా చూడడానికే ఆ తాడు. నియమాలకు ఇది అయిదవ కారణం, అన్నిటికంటె దొడ్డది. ప్రాణం.

న్యాయం రెండు వైపులా ఉండాలి

నియమాలు పెట్టేవారికి కూడా రెండు మాటలు చెప్పాలి. బోర్డు మీద "ఫోటోలు తీయరాదు" అని మాత్రమే రాస్తే వచ్చినవాడికి అది అదిలింపులాగా ఉంటుంది. "ఇక్కడ ప్రార్థన జరుగుతున్నది, దయచేసి ఫోటోలు తీయవద్దు" అంటే ఎవరికీ కోపం రాదు. పది బోర్డులకంటె కారణం చెప్పిన బోర్డు ఒక్కటి నయం. సామాన్యుడి ఫోను జేబులో పెట్టించి, సిఫారసు ఉన్నవాడి వెంట ఫోటోగ్రాఫరును లోపలికి పంపే చోట నియమానికి విలువ ఉండదు. నియమం దేవుడి కోసమైతే దేవుడి ముందు అందరూ ఒకటే.

తీయవద్దన్న చోట మంచి బొమ్మల కార్డులు, చిన్న పుస్తకాలు సరసమైన ధరకు అమ్మితే ఇంకా మంచిది. కావలసిన దీపాలు పెట్టి, చేయి తిరిగినవారు తీసిన బొమ్మకు మన ఫోను బొమ్మ ఎలాగూ సాటి రాదు. పైగా ఆ డబ్బు కట్టడం పోషణకే పోతుంది. నూరేళ్ళ గాజుకూ, రాయికీ ఏదో ఒకరోజున మరమ్మతు తప్పదు. ఆ రోజున ఏ ముక్క ఎక్కడ ఉండేదో చెప్పడానికి మంచి ఫోటోలు కావాలి. అంచేత కెమేరాను పూర్తిగా వెళ్ళగొట్టడం ఎవరికీ లాభం కాదు. అడిగి వచ్చిన కెమేరాకు, పని మీద వచ్చిన కెమేరాకు తలుపు తీసి ఉంచాలి.

ప్రయాణం కట్టేముందు

దేశంలో అయినా, విదేశంలో అయినా కుటుంబంతో బయలుదేరేవారు ఈ కొన్ని సంగతులు గుర్తు పెట్టుకుంటే చాలు.

వాకిట్లో ఉన్న బోర్డు చదవండి. లేకపోతే అక్కడ ఉన్న మనిషిని అడగండి. భాష రాకపోతే కెమేరా చూపించి కళ్ళతో అడగండి, ఏ దేశంవారికైనా అర్థమవుతుంది. ఫ్లాషు, ఫోను చప్పుడు ముందే ఆపివేయండి. ఫోటో తీయవచ్చునన్న చోట కూడా ప్రార్థనలో ఉన్నవారిని, ఏడుస్తున్నవారిని, పరాయివారి పిల్లలను అడగకుండా తీయవద్దు. బట్టల విషయంలో భుజాలు, మోకాళ్ళు కప్పుకుంటే దాదాపు అన్ని మతాల గుళ్ళలోనూ సరిపోతుంది. సంచిలో ఒక పల్చటి శాలువా ఉంటే ఆడవారికి తల మీదికీ పనికివస్తుంది, మగవారికి నడుముకూ పనికివస్తుంది. సులభంగా విప్పి తొడుక్కునే చెప్పులు వేసుకోండి. విగ్రహాలకు వీపు పెట్టవద్దు. స్టాండులు, సెల్ఫీ కర్రలు, ఎగిరే కెమేరాలు ఇంట్లో పెట్టి రండి. మ్యూజియంలలో, రాజభవనాలలో మనిషికి ఒక టికెట్టు, కెమేరాకు మరొక టికెట్టు ఉండవచ్చు. రెంటినీ అడిగి కొనుక్కోండి. వద్దన్నవారితో వాదించవద్దు. ఆయన అక్కడ రోజంతా నిలబడి అదే మాట వందమందికి చెప్పవలసిన మనిషి.

చర్చిలో ఆ ఉదయం ఫోను జేబులో పెట్టుకున్న కుర్రవాడు బెంచీ మీద కూర్చున్నాడు. తల ఎత్తి కిటికీ వైపు చాలాసేపు చూశాడు. మేకులు ఎక్కడున్నాయి, ఎవరి బట్టలు ఏ రంగులో ఉన్నాయి అని చెల్లెలికి చెవిలో చెబుతున్నాడు. ఫోటో తీసి ఉంటే ఆ పాటికి బయటికి వెళ్ళి ఐసుక్రీము కొనుక్కునేవాడు. ముందు వరుసలోని స్త్రీ ఎప్పుడో లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆమె బొమ్మ ఎవరి ఫోనులోనూ లేదు. ఆమెకు ఆ సంగతి తెలియనైనా తెలియదు.

కరువులో కూలికి వచ్చి రాళ్ళెత్తినవారి మనుమలూ మునిమనుమలూ ఈనాడు అదే చర్చిలో కూర్చుని ప్రార్థన చేస్తూ ఉండవచ్చు. మనకు అది చూడదగ్గ వింత, వారికి అది ఇల్లు. మెదకులో అయినా, బాంకాకులో అయినా, రోములో అయినా గుడికి పోయిన యాత్రికుడు ఇంకొకరి ఇంటికి పోయిన చుట్టమే. చుట్టం మర్యాద తెలిసినవాడైతే ఇంటివారు మళ్ళీ రమ్మంటారు.